పడేసినవాడికే మళ్లీ

పక్కవాడి తప్పును తన నెత్తిన వేసుకునేవాడు మంచివాడని మీకెవరు చెప్పారు?

న్యాయశాస్త్రం చదివినవారికి తెలిసిన సంగతి ఒకటుంది. ఎవరో ఒకరు తప్పు ఒప్పుకున్న మరుక్షణం విచారణ ఆగిపోతుంది. ఒప్పుకున్నవాడు నిజంగా ఆ పని చేశాడా, చేయకపోతే ఎవరిని కాపాడుతున్నాడు, దేన్ని దాస్తున్నాడు అని తవ్వే ఓపిక ఎవరికీ ఉండదు. అందరికీ ఇళ్లకు పోయే తొందర. ఒహాయో నది ఒడ్డున ఉన్న మా గ్రేలింగ్ ఫెర్రీలో రస్సెల్ హవ్రిలా అంత తేలికగా తప్పు ఒప్పుకునే మనిషి మరొకడు లేడు. ఆ మనిషే ఒక్క తప్పును మాత్రం ఒప్పుకోకుండా ఊరుకున్నందువల్ల, దాన్ని మా అమ్మ తనదనుకుని రెండు పుష్కరాల పాటు మోసింది. నేను చెప్పబోయేది ఆ ఒక్క తప్పు గురించే.

రస్ రోడ్ల శాఖలో లారీ నడుపుతాడు. చలికాలంలో దారుల మీద మంచు తోసి ఉప్పు చల్లుతాడు. వేసవిలో గుంటలు పూడుస్తాడు. భారీ మనిషి. కుడి భుజం ఎడమదాని కన్నా కొంచెం దిగువకు వాలి ఉంటుంది. ఏ లారీ అయినా వెనక్కి వస్తూ ఎవరి గేటునో గుద్దిందంటే, మేస్త్రీ "ఎవడిదిరా ఈ ఘనకార్యం?" అని కేకేస్తాడు. "నాది" అంటాడు రస్, ఆ పూట ఆ వీధి మొహం చూసి ఉండకపోయినా.

"రస్ ఉన్నన్నాళ్లూ మనకి పాపం అంటదురా" అంటాడు కాఫీ తాగుతూ ఒకడు.

"రేపు స్వర్గం గేటు దగ్గర కూడా వీణ్ణే ముందు నిలబెట్టాలి" అంటాడు ఇంకొకడు.

అతని భార్య లోర్నాకు ఈ హాస్యం రుచించలేదు. "నీతో కాపురం చెయ్యొచ్చు గానీ పోట్లాడలేను రస్. ఏమన్నా నాది, నాది అంటావు. తప్పులన్నీ నువ్వే పట్టుకుపోతే ఈ ఇంట్లో నాకంటూ ఏం మిగిలింది?" అని అడిగి, పెట్టె సర్దుకుంది. రస్ గుమ్మంలో నిలబడి, "అది కూడా నాదేలే" అన్నాడట. ఆమె నవ్వలేక, ఏడవలేక కారెక్కి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఈ "నాది" అనే మాట అతను పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. మా ఊరు నేర్పింది.

మా ఫుట్‌బాల్‌లో బంతిని తన్నడం తక్కువ. విసరడం, అందుకోవడం ఎక్కువ. విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. అతను బంతి వదిలే సమయానికి అందుకోవలసినవాడు ఇంకా వీపు చూపుతూ పరిగెడుతూనే ఉంటాడు. బంతి వెళ్లేది మనిషి దగ్గరికి కాదు, ఎవరూ లేని గడ్డి దగ్గరికి. తిరిగేసరికి మనిషి అక్కడ ఉంటాడన్న నమ్మకం దగ్గరికి. శుక్రవారం సాయంత్రం ఆట జరుగుతుంది. శనివారం ఉదయం స్కూలు నేలమాళిగలో, బాయిలరు పక్కన చెక్క బెంచీల మీద కూర్చుని, పిల్లలంతా ఆ ఆట వీడియో చూస్తారు. చెడిపోయిన ప్రతి చోటా కోచ్ స్టీగ్‌మన్ బొమ్మను ఆపి, "ఎవరిది?" అని అడిగేవాడు. జవాబు వెంటనే రావాలి. రాకపోతే జట్టు మొత్తం శ్మశానం దిబ్బ ఎక్కి దిగాలి.

గ్రేలింగ్ ఫెర్రీ క్వార్టర్‌బ్యాక్‌లకు తరాలుగా రెండు నియమాలున్నాయి. ఎక్కడా రాసి లేవు. తండ్రి నుంచి కొడుకుకు, పెద్దవాడి నుంచి చిన్నవాడికి వస్తాయి. నేలపాలైన బంతి ఎవరి చేతుల్లోంచి జారినా, విసిరినవాడే "నాది" అనాలి. ఇది మొదటిది. పడేసినవాడికే మళ్లీ విసరాలి, ఇది రెండోది. మరుసటి బంతి వేరొకరికి వెళితే పడేసినవాడి చేతులు చచ్చుబడిపోతాయని మా ఊరి విశ్వాసం. రస్ తండ్రి స్టెఫాన్ ఉక్కు మిల్లులో క్రేను నడిపేవాడు. తన కాలంలో అతనూ క్వార్టర్‌బ్యాకే. కొడుకుతో ఒకటే చెప్పేవాడట: "పట్టుకోలేనివాణ్ణి చూసి మొహం ముడుచుకునేవాడు బంతి ముట్టుకోకూడదురా."

రస్‌కు దొరికిన పట్టుకోలేనివాడు మా ఎమ్మెట్ మావయ్య. ఎమ్మెట్ టోలివర్, మా అమ్మ వెర్నీస్‌కు తమ్ముడు. వాళ్లమ్మ పోయాక అతన్ని పెంచింది అమ్మే. ఆసుపత్రి వంటశాలలో పని చేస్తూ, నన్ను చంకన వేసుకుని, అతని చొక్కాలు ఉతుకుతూ. మావయ్య గాలిలా పరిగెత్తేవాడు గానీ, మొదటి రెండేళ్లూ బంతి అతని చేతుల్లో నిలిచేది కాదు. మెట్ల మీద కూర్చున్న జనం అతన్ని "ఓటికుండ" అని పిలిచేవారు. "ఒరే ఓటికుండా, చేతులకి లక్క పూయించుకోరా!" అని అరిచేవారు. ఒకటి జారవిడిచి తలవంచుకుని జట్టు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ మావయ్య, "నాకొద్దురా రస్, వేరేవాడికి విసురు" అనేవాడు. రస్ ఎన్నడూ వినలేదు. మళ్లీ అతనికే విసిరేవాడు. అదీ పడిపోతే మళ్లీ. శనివారం కోచ్ "ఎవరిది?" అనగానే, "నాది".

మూడో ఏటికి కుండ ఓటు పూడింది. ఆ ఏడు మావయ్య వదిలేసిన బంతి లేదంటారు. చర్చిలో పాస్టరు నమ్మకం గురించి చెప్పాల్సి వస్తే ఈ ఇద్దరి పేర్లే చెప్పేవాడు. మిల్లు సగం మూతబడిన ఊరికి గర్వపడడానికి ఏదో ఒకటి కావాలి కదా. మా ఊరికి ఆ ఇద్దరు పిల్లలు దొరికారు.

ఆఖరి సంవత్సరం, సెప్టెంబరులో, నది అవతలి ఊరివాళ్లతో ఆట. ఒక భారీ కుర్రాడు మావయ్యను ఎత్తి కుదేశాడు. తల నేలకు కొట్టుకుంది. మావయ్య లేచి, దులుపుకుని, నేరుగా వెళ్లి ఎదుటి జట్టు మధ్యన నిలబడ్డాడు. స్టేడియమంతా విరగబడి నవ్వింది. నన్ను ఒళ్లో పెట్టుకుని అమ్మ కూడా నవ్వింది. రస్ పరుగున వెళ్లి చెయ్యి పట్టుకుని, "ఇటురా అల్లుడుగారూ, అది అత్తారిల్లు" అని తీసుకొచ్చాడు.

ఆ వారం సాధనలో మావయ్య చేతుల్లోంచి మళ్లీ బంతులు జారాయి. రైలు వంతెన మీదుగా ఇంటికి నడుస్తూ ఇద్దరూ మాట్లాడుకున్న మాటలివి. చాలా ఏళ్ల తర్వాత రస్ నాతో చెప్పినవి.

"నీకో విడ్డూరం చెప్పనారా? నువ్వొకటి విసురుతుంటే నాకు రెండొస్తున్నాయి."

"రెండా? ఒకటి పట్టుకోడానికే నీకు రెండేళ్లు పట్టింది."

"నవ్వులాట కాదురా. పక్కపక్కనే వస్తున్నాయి, కవలల్లాగా."

"అయితే ఎడమదాన్ని పట్టుకో. కుడిదాన్ని నేను చూసుకుంటాలే."

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత మావయ్య ఆగిపోయి, "కోచ్‌కి చెప్పకు. చెబితే డాక్టరంటాడు, డాక్టరు ఆడొద్దంటాడు. ఆఖరాటకి మనల్ని ఎంచుకోడానికి ఆ కాలేజీ ఆయన వచ్చేసరికి నేను బెంచీ మీద తువ్వాళ్లు మడతపెడుతుంటా" అన్నాడు.

"మీ అక్కకి?"

"అక్కకి అసలొద్దు. స్టేడియం గేటుకి అడ్డంగా పడుకుంటుంది ఆవిడ."

రస్ మాటిచ్చాడు. పదిహేడేళ్ల వయసులో స్నేహితుడికిచ్చిన మాట శాసనం. ఆ మాటను నిలబెట్టుకోవడానికి అతనికి ప్రత్యేకమైన అబద్ధమేదీ అవసరం కాలేదు. ఊరు నేర్పిన మాట సిద్ధంగా ఉంది.

"హవ్రిలా, బంతి వాడి రొమ్ముకి తగిలి పడింది. కళ్లారా చూస్తున్నా. అది నీదెలా అవుతుందిరా?" అని ఒక శనివారం కోచ్ నిలదీశాడు.

"ఒక్క క్షణం ముందే వదిలేశా కోచ్. వాడింకా తిరగలేదు."

"తండ్రికి తగ్గ కొడుకువి" అని మెచ్చుకుని కోచ్ బొమ్మను ముందుకు నడిపించాడు. విచారణ ముగిసింది. ఆ నేలమాళిగలో ఒక్కరు, "నిన్నటిదాకా అన్నీ పట్టినవాడు ఇవాళెందుకు పట్టలేకపోతున్నాడు?" అని అడిగి ఉంటే చాలు. అడగనివ్వకుండా చేసింది ఎవరి దుర్మార్గమూ కాదు, ఒకడి మర్యాద.

అదే రోజుల్లో మా ఇంట్లో ఒక చిన్న సంఘటన జరిగింది. పొద్దున్నే మావయ్య పాలు పోసుకుంటూ, గ్లాసులో కాక గ్లాసు పక్కన బల్ల మీద పోశాడు. మరునాడూ అలాగే పోశాడు. అమ్మకు ఒళ్లు మండింది. "మొహానున్నాయా కళ్లు, నెత్తికెక్కాయా? పేపర్లో బొమ్మ పడేసరికి దొరగారికి గ్లాసు కూడా ఆనట్లేదు" అంది. మావయ్య నవ్వి, బల్ల తుడిచి, ఆమె నెత్తిన ముద్దు పెట్టి బడికి వెళ్లాడు.

ఆఖరి ఆట నాడు చలిగాలి. కాలేజీ నుంచి వచ్చినాయన పై వరుసలో, టోపీ కిందికి లాక్కుని కూర్చున్నాడు. మావయ్య ఒక బంతిని వదిలేశాడు. జనానికి పాత పేరు గుర్తొచ్చింది. "ఓటికుండా!" అని ఎవరో అరిచారు. మిగతావాళ్లు అందుకున్నారు. జట్టువాళ్లంతా తలలు దగ్గరపెట్టి నిలబడినప్పుడు మావయ్య రస్ చెవి దగ్గర చెప్పాడు: "నాకొద్దురా. ఈసారి వేరేవాడికి."

అవి పాత మాటలే. రెండేళ్ల పాటు విన్నవే. ప్రతిసారీ విననట్టు నటించి, అతనికే విసిరి, మనిషిని నిలబెట్టిన మాటలే. ఇప్పుడు వింటే అతన్ని నమ్మనట్టవుతుందని రస్ అనుకున్నాడు. పడేసినవాడికే మళ్లీ. బంతిని నడిమి మైదానంలోకి, ఎవరూ లేని చోటికి వదిలాడు. మావయ్య సరిగ్గా అక్కడికే వచ్చాడు, తిరిగాడు, రెండు చేతులూ చాచి, బంతి లేని చోట వేళ్లు మూశాడు. అసలు బంతి జానెడు దూరంలోంచి వెళ్లిపోయింది. చేతులు పైకెత్తి, పక్కటెముకలు బయటపెట్టి నిలబడ్డ మనిషిని ఎదుటి జట్టువాడు పూర్తి వేగంతో గుద్దాడు. ఆ కుర్రాడి తప్పు ఇసుమంతైనా లేదు. మావయ్య తనంతట తాను మైదానం దాటడం ఆ ఊరు మళ్లీ చూడలేదు.

ఆసుపత్రి వరండాలో డాక్టరు అమ్మతో మాట్లాడాడు. మెదడుకు వారాల కిందటే దెబ్బ తగిలి ఉందని, అది మానకముందే రెండో దెబ్బ తగిలిందని చెప్పాడు. తర్వాత, నిందగా కాదు, నిజంగానే ఆశ్చర్యపడి అడిగాడు: "గుర్తులు కనపడి ఉండాలే. ఎవరూ గమనించలేదా?"

రస్ అక్కడే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, ఇంకా ఆట చొక్కాతోనే. గేట్లు కూల్చినవాడు ఎవడంటే నేనని, పెళ్లి చెడగొట్టినవాడు ఎవడంటే నేనని రాబోయే జీవితమంతా చెప్పుకోబోయే మనిషి, ఆ ప్రశ్నకు మాత్రం నోరు తెరవలేదు.

జవాబు అమ్మ చెప్పింది. "పాలు" అంది. "పాలు పక్కన పోశాడండీ. నేను తిట్టాను."

అప్పటి నుంచి మా ఇంట్లో పాలు అమ్మే పోస్తుంది. నాకు, మావయ్యకు, వచ్చిన చుట్టానికి, ఎవరికైనా సరే. నేను పెరిగి పెద్దదాన్నయ్యాక ఒకసారి సీసా అందుకోబోతే చేతిమీద కొట్టింది. ఆ ఒక్క దెబ్బే ఆమె నన్ను కొట్టింది. ప్రతి థ్యాంక్స్‌గివింగ్ భోజనం ముందు అందరం చేతులు పట్టుకుని ప్రార్థన చేసేటప్పుడు, ఆమె పెదవులు ఆఖరున విడిగా కదిలేవి. అడిగితే చెప్పేది కాదు. ఒక్కసారి చెప్పింది: "కళ్లుండీ చూడనిదాన్ని క్షమించమని."

మావయ్య బతికాడు. చెయ్యి పట్టుకుంటే నడుస్తాడు. మాటలు కొన్నే మిగిలాయి: అక్క, ఆకలి, మళ్లీ. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక రస్ వస్తాడు. తన తల్లి చేసిన క్యాబేజీ నూడుల్సో, కాలాన్ని బట్టి ఒక గంప టమాటాలో తెస్తాడు. మావయ్యను పెరటి మెట్ల మీద కూర్చోబెట్టి, నాలుగడుగుల దూరంలో నిలబడి, చంటిపిల్లకు వేసినట్టు మెల్లగా బంతి వేస్తాడు. బంతి మావయ్య చేతులకు తగిలి కింద పడుతుంది. "నాది" అంటాడు రస్. మావయ్య నవ్వి, "మళ్లీ" అంటాడు. నా బాల్యమంతా ఆ పెరట్లో ఆ రెండు మాటలే వినిపించేవి. "అంత మంచి మనిషిని ఎక్కడా చూడలేదు" అని అమ్మ వంటింటి కిటికీలోంచి చూస్తూ అనేది. నేనూ అలాగే నమ్మాను.

లా పరీక్ష గట్టెక్కి నేను ఇంటికొచ్చిన ఏడాది, పీచ్ పళ్ల కాలంలో, ఒక ఆదివారం రస్ యథాప్రకారం బంతి ఎత్తాడు. మావయ్య చేతులు చాచలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట, స్పష్టంగా అన్నాడు: "వేరేవాడికి."

అమ్మ కిటికీలోంచి పకాలున నవ్వింది. "కొత్త మాటొచ్చిందే మావాడికి. వేరేవాడెవడున్నాడురా ఇక్కడ, మీరిద్దరేగా?"

రస్ చేతిలోంచి బంతి జారి, మెట్ల కిందికి దొర్లిపోయింది. అతను దాన్ని తీసుకోలేదు. నాది అని కూడా అనలేదు. టోపీ పెట్టుకుని వాకిట్లోకి నడిచాడు. నేను వెంటపడ్డాను. లారీ తలుపు వేయకుండా పట్టుకున్నాను.

"ఏంటి రస్ మావయ్యా అది?"

"ఏముంది లాయరమ్మా, ఎండ."

"నీకెండ దెబ్బ తగిలితే రోడ్లన్నీ మూసెయ్యాలి. ఆ మాటకి అర్థం ఏంటి?"

"నీ కోర్టు సోమవారం పెట్టుకో, ఆదివారం కాదు."

"నేను తలుపు వదలను."

అతను టోపీ తీసి పక్క సీటు మీద పెట్టాడు. తర్వాత చెప్పాడు. వంతెన మీద నవ్విన నవ్వు, ఇచ్చిన మాట, శనివారాలు, ఆఖరాటలో చెవి దగ్గర వినబడిన మాట, వరండాలో డాక్టరు ప్రశ్న, అన్నీ. చెబుతున్నంతసేపూ కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాడు, అదెక్కడికో పోతుందన్నట్టు.

"నాకు తెలుసని ఆరోజే అంటే మీ అమ్మ నన్ను గడప తొక్కనిచ్చేది కాదు. వాణ్ణి చూడకుండా నేను బతకలేకపోయేవాణ్ణి. అంతే. ఇంకేం లేదు చెప్పడానికి."

"ఆవిడ పాలు పోస్తున్నప్పుడల్లా చూస్తూనే ఉన్నావు కదా."

"చూస్తూనే ఉన్నా."

చట్టం ఏం చేయగలదో ఆలోచించడం నాకు అలవాటు. ఆలోచించాను. స్కూలు మీద, కోచ్ మీద, ఎవరి మీద వేద్దామన్నా కాలదోషం పట్టింది. కోచ్ స్టీగ్‌మన్ శ్మశానం దిబ్బ మీదికే శాశ్వతంగా చేరాడు. గడువు దాటిన బాధను కోర్టులు స్వీకరించవు. మా వంటింట్లో మాత్రం ఆ కేసు ప్రతి ఉదయం విచారణకు వస్తోంది, ఒకే సాక్షి, ఒకే ముద్దాయి, ఇద్దరూ మా అమ్మే.

"నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను" అన్నాను.

"నువ్వు చెబితే అది చాడీ అవుతుందమ్మా. నేను చెబితేనే..." అని ఆగిపోయాడు. ఏమవుతుందో అతనికీ తెలియదు.

తర్వాతి ఆదివారం వచ్చాడు, టమాటాలిచ్చాడు, బంతి వేశాడు, వెళ్లిపోయాడు. దాని తర్వాతిదీ అంతే. నేను కిటికీ దగ్గర పళ్లు నూరుతూ నిలబడ్డాను. పిరికితనాన్ని ఇంత నిదానంగా, ఇంత మర్యాదగా చేయగలరని నాకు తెలియదు.

ఒక శనివారం ఉదయం తలుపు కొట్టాడు. బంతి లేదు. అమ్మ బల్ల దగ్గర కూర్చుని పీచ్ పళ్ల తొక్క తీస్తోంది. మావయ్య ఇంకా నిద్ర లేవలేదు.

"ఇవాళ ఆదివారం అనుకున్నావా రస్సెల్? ముసలితనం వచ్చేస్తోంది నీకు. కూర్చో, కాఫీ పోస్తా."

"కూర్చోనక్కా. ఒక మాట చెప్పాలి. ఆ పాలు..."

కత్తి ఆగింది.

"వాడికి రెండు గ్లాసులు కనపడేవక్కా. రెండు బంతులు కనపడేవి. నాకు తెలుసు. వాడే చెప్పాడు, ఆ రోజుకి చాలా వారాల ముందే. నీకు చెప్పొద్దన్నాడు, నేను చెప్పలేదు."

అమ్మ కత్తిని తొక్కల మధ్యన పెట్టింది. "రెండు గ్లాసులు" అంది. "మరి ఆ లేని గ్లాసులో పోశాడన్నమాట. నా బంగారు తండ్రి. నేను కళ్లు నెత్తికెక్కాయన్నాను."

"అది నీది కాదక్కా. అది నాది..."

"ఆ మాట అనకు." అమ్మ గొంతు పెంచలేదు. "ఆ మాట ఈ ఇంట్లో ఇంక అనకు. దారిన పోయే కుక్క కాలు విరిగినా ఆ మాటే అంటావు నువ్వు. అన్నిటికీ వాడి వాడి అరిగిపోయింది రస్సెల్. నా తమ్ముడికి అది సరిపోదు. ఏం చేశావో అది చెప్పు."

అప్పుడు అతను చెప్పాడు, అరిగిన మాట ఆసరా లేకుండా, తడబడుతూ. నడిమి మైదానం దాకా వచ్చాడు. "వద్దన్నాడక్కా. వేరేవాడికి విసరమన్నాడు. నేను వినలేదు. వాణ్ణి నమ్ముతున్నాననుకున్నా. వాడి చేతుల్ని నమ్మాను గానీ, వాడి మాటని నమ్మలేదు."

అమ్మ లేచి, సింకు దగ్గరికి వెళ్లి, మాకు వీపు పెట్టి నిలబడింది. నీళ్లు వదలలేదు. భుజాలు మాత్రం కదిలాయి. ఆమె క్షమిస్తుందని నేను ఎదురుచూశాను. చర్చిలో ప్రతివారం పాడే మనిషి కదా. ఆమె క్షమించలేదు. తిరిగి, ఏప్రన్ అంచుతో మొహం తుడుచుకుని అంది: "ఆదివారం రావద్దని నేననను. వాడు నీ కోసం పొద్దుటి నుంచీ గేటు వంక చూస్తాడు. నన్ను మాత్రం పలకరించకు. ఎప్పటిదాకానో నాకు తెలీదు."

"సరే అక్కా."

గేటు దగ్గర లారీ ఎక్కబోతూ, అతను తన నిర్ణయం నాతో చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. వాదించాను, వాదించడం తప్ప నాకేం వచ్చు? "ఎమ్మెట్ మావయ్యకి మిగిలింది ఆ ఒక్క సరదా. అది కూడా లాక్కుంటావా? ఇది ఎవరి కోసం, ఆయన కోసమా, నీ కోసమా?" అని అడిగాను.

"తెలీదమ్మా. వాడు అడిగినవాటిలో నేను విననిది అదొక్కటే, విసరొద్దని" అన్నాడు.

మరునాడు చర్చి అయ్యాక వచ్చాడు. అమ్మ కిటికీ తెర వేసేసింది. మావయ్య మెట్ల మీద సిద్ధంగా ఉన్నాడు, రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్లు విప్పి, తన పాత కోచ్‌లు నేర్పినట్టే. రస్ వెళ్లి అతని పక్కన, అదే మెట్టు మీద కూర్చున్నాడు. ఇంతకాలంలో అతను అక్కడ కూర్చోవడం నేను చూడలేదు. ఎప్పుడూ ఎదురుగా నిలబడేవాడు.

"మళ్లీ" అన్నాడు మావయ్య.

"లేదురా ఎమ్మెట్. నువ్వు వద్దన్నావు."

"మళ్లీ."

మావయ్య చేతులు అలాగే ఉన్నాయి. కాసేపటికి వణకడం మొదలుపెట్టాయి. రస్ వాటిని చూస్తూ కూర్చున్నాడు గానీ లేవలేదు, లారీలో ఉన్న బంతి కోసం వెళ్లలేదు. ఇక ఎన్నటికీ ఎమ్మెట్‌కు బంతి విసరకూడదని అతను నిర్ణయించుకున్నాడు.